తాళం వేసిన షెడ్డులో నడిచిన మగ్గాలు

మా ఆఫీసులో ‘లాభ పంచమి రాయడం’ అనే మాట ఒకటి ఉండేది. బయటివాళ్ళు వింటే ఏదో వ్రతం అనుకుంటారు. నేనప్పుడు సూరత్‌లో ప్రభుత్వానికి లెక్కలు సేకరించి పంపే ఒక చిన్న కార్యాలయంలో పనిచేసేదాన్ని. మూడు నెలలకోసారి ఫారాల సంచీ భుజాన తగిలించుకుని మరమగ్గాల షెడ్ల చుట్టూ తిరగాలి. ఎన్ని మగ్గాలున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎంతమంది పనిచేస్తున్నారు అని అడిగి రాసుకోవాలి. ఆ షెడ్లలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు కూడా కొన్ని నా జాబితాలో ఉండేవి. తీరా వెళ్ళేసరికి తలుపుకి తాళం కనిపిస్తే ఏం చెయ్యాలన్నదానికి ఒక నియమం ఉంది. ‘తాత్కాలికంగా మూసి ఉంది’ అన్న గడిలో టిక్కు పెట్టి, పోయినసారి ఏం రాశామో అదే మళ్ళీ రాసెయ్యాలి.

వినడానికి మోసంలా ఉంటుంది గానీ, సూరత్‌లో ఆ నియమం సబబుగానే నడిచేది. దీపావళి వచ్చిందంటే మగ్గాల పేటలన్నిటికీ తాళాలే. షెడ్ల యజమానులైన సేఠ్‌లు సొంతూళ్ళకి పోతారు. పనివాళ్ళు ఒడిశాకీ, ఉత్తరప్రదేశ్‌కీ, మన తెలంగాణకీ రైలెక్కుతారు. గుజరాతీల కొత్త సంవత్సరం మొదలైన అయిదో రోజు లాభ పంచమి. ఆ రోజు గుమ్మానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ తాళం తీస్తారు. మధ్యలో ఆ తాళం చూసి షెడ్డు మూతపడిందని రాసేవాడు ఈ ఊరికి కొత్తవాడై ఉండాలి. అందుకే తాళం కనిపిస్తే మేం నిలబడి ఆలోచించేవాళ్ళం కాదు. ‘లాభ పంచమి రాసేశాను’ అనుకుంటూ పక్క షెడ్డుకి నడిచేవాళ్ళం. దాపరికం ఎందుకు, ఎండ మండిపోయే రోజుల్లో తాళం కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఊరి శివారు పేట ఉన్‌లో ఒక నేత కుటుంబం నా జాబితాలో ఉండేది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు. అతను సచిన్ అనే మగ్గాల పేటలో ఒక షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. ఆమె ఇంట్లో కూర్చుని, తయారైన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఏడో తరగతి చదివే కూతురు ఉండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను హిందీలోనే మొదలుపెట్టాను. పెన్ను సిరా రాక తెలుగులో ఏదో విసుక్కునేసరికి ఆమె పకపకా నవ్వేసింది.

“ఓ అక్కా, నువ్వు మనోళ్ళేనా! మరి గంతసేపటి సంది గా హిందీ ఏంది?”

నాది ఏలూరు. నా తెలుగు ఆమెకి తమాషాగా ఉండేది, ఆమెది నాకు. ఫారం నింపడానికి పావుగంట చాలు. నేను గంట కూర్చునేదాన్ని. లెక్కలకి వెళ్ళిన ఇంట్లో ఏమీ తినకూడదని మాకు రూలు. ఆమె చేసే సర్వపిండి ముందు ఆ రూలు ఒక్క రోజు కూడా నిలబడలేదు. ఆమె నన్ను అక్కా అనేది, నేను ఆమెని చెల్లీ అనేదాన్ని. ఉద్యోగంలో చేరాక నేను చేసుకున్న స్నేహం అదొక్కటే అంటే ఎవరూ నమ్మరు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఒక్క రోజులో ఆగిపోయాయి. రాత్రీ పగలూ దడదడలాడే ఉన్‌లో తొలిసారి కాకుల అరుపు వినిపిస్తోందని చెల్లి ఫోన్లో చెప్పింది. కొన్ని వారాలు చూసి, వాళ్ళూ ఇంకో నాలుగు కుటుంబాలూ కలిసి బస్సు మాట్లాడుకుని ఊరికి వెళ్ళిపోయారు. గదికి తాళం వేసుకుని, మంచాలూ గిన్నెలూ లోపలే వదిలేసి పోయారు.

మా పని ఫోన్ల మీదకి మారింది. నేను వంటింటి బల్ల మీద ఫారాలు పరుచుకుని, ఒక చెవి కుక్కర్ వైపు పెట్టి, సేఠ్‌లకి ఫోన్లు చేసేదాన్ని. ఎత్తేవాళ్ళు తక్కువ. ఎత్తకపోతే ఏం చెయ్యాలని అడిగితే పై నుంచి ఒక ఆదేశం వచ్చింది. ఫోన్ ఎత్తకపోతే తలుపుకి తాళం ఉన్నట్టే భావించాలి. అంతే, నాకు పని తేలికైపోయింది. లాభ పంచమి, లాభ పంచమి, లాభ పంచమి. ఒక్క పూటలో నా వాటా షెడ్లన్నీ అయిపోయేవి. చెల్లి వాళ్ళ ఇంటి ఫారం కూడా అలాగే రాశాను. ముగ్గురు మనుషులు, భర్త మగ్గం మీద పనిలో ఉన్నాడు, నివాసం ఉన్. వాళ్ళు సిరిసిల్లలో ఉన్నారని నాకు తెలుసు. ముందు రోజే ఫోన్లో మాట్లాడాను. అయినా ఆ రాసిన చేతికి ఏమీ అనిపించలేదు.

ఎందుకు అనిపించలేదో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నాకూ ఒక పక్షం ఉండేది. దేశం బాగుపడుతోందని నాకు గట్టి నమ్మకం. కాదని వాదించేవాళ్ళంటే చిరాకు. ఏడుపుగొట్టు మొహాలు, మంచి జరిగినా చూడలేరు అనుకునేదాన్ని. ఆ ఏడుపుగొట్టు మొహాల్లో మొదటివాడు మా ఆయనే. బ్యాంకులో ఉద్యోగం, యూనియన్‌లో పెద్దరికం. బడ్జెట్ వచ్చినప్పుడల్లా యూనియన్ బులెటిన్‌లో దాన్ని చీల్చి చెండాడేవాడు. లాక్‌డౌన్‌లో ఇద్దరం ఇంట్లోనే. ఇక చూడండి మా ఇల్లు.

“సూరత్ పని అయిపోయింది. ఇంకో పదేళ్ళకి గానీ లేవదు,” అనేవాడు పప్పు కలుపుకుంటూ.

“మీకు అన్నం పెట్టినా శ్రాద్ధం భోజనంలాగే కనిపిస్తుంది,” అనేదాన్ని నేను.

వానలు తగ్గుముఖం పట్టాక ఆఫీసుకి రమ్మన్నారు. మా సార్ గుజరాతీ ఆయన, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. ఒక్కసారి కూడా గొంతు పెంచి మాట్లాడలేదు. మేం తెచ్చిన లెక్కల్ని బట్టి రాబోయే నెలల్లో ఊళ్ళో వ్యాపారం ఎలా ఉంటుందో ఆయన ఒక అంచనా రాసి పైకి పంపాలి. అది బడ్జెట్ తయారుచేసేవాళ్ళ బల్లల దాకా వెళ్తుందని చెప్పేవారు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, చిత్తుప్రతిలో తప్పులేమైనా ఉన్నాయేమో చూడమన్నారు.

మొదటి వాక్యం ఇలా ఉంది: ‘సూరత్ వస్త్ర రంగం ఊహించినదానికంటే వేగంగా పుంజుకుంటోంది.’ కింద అంకెలు రావలసిన చోట చుక్కలు పెట్టి ఉన్నాయి. నా ఫారాలు అప్పటికింకా నా సంచీలోనే ఉన్నాయి. ముందు వాక్యం రాసి తరవాత అంకెలు వేస్తారా అన్న అనుమానం నాకు రావాలి. రాలేదు. పైగా ఒళ్ళు పులకరించింది. ఇంటికెళ్ళి మా ఆయనకి ఆ వాక్యం అప్పజెప్పాను.

దసరా ముందు ఒక ఆదివారం చెల్లి ఫోన్ చేసింది.

“అక్కా, మంచిగున్నరా? ఒక మాట అడుగుత, జర చూసి చెప్పు. గీడ మా మరిది షెడ్డుల మా ఆయనకు రెండు సాంచలు ఇచ్చిండ్రు. గిప్పటికైతే నడుస్తున్నయి.” మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. “గని సూరత్ మాదిరి ఉండది కద. పోరి చదువు సుత ఆడనే ఉండె. దీపావళి అయినంక ఆడ పని చాలూ అయితదా? సేఠ్ ఫోన్ ఎత్తుతలేడు. మీ ఆఫీసుల అన్నీ రాస్తరు కద.”

“చూసి చెబుతాను,” అన్నాను.

“జర పక్కాగ చెప్పక్కా. గీ సాంచలు ఇడిస్తే మల్ల రావు. ఎనక ఎంతోమంది నిలవడ్డరు. ఇయ్యాల ఇడిస్తే రేపే ఎవలో ఒకలు ఎక్కుతరు.”

చూసి చెబుతానన్నదాన్ని ఎక్కడికెళ్ళి చూశాను? కుర్చీలోంచి కూడా లేవలేదు. సచిన్ మా ఇంటికి బస్సులో గంట ప్రయాణం. అప్పటికి తిరగడానికి అడ్డేమీ లేదు. కానీ సార్ అంచనా నా దగ్గర ఉంది, దాని వెనక నా ఫారాలే ఉన్నాయి, ఇంకా చూసేదేముంది?

“రండి చెల్లీ. లెక్కలన్నీ నేను చూశాను. సూరత్ మళ్ళీ లేస్తోంది. మీ షెడ్డు కూడా నడుస్తోంది, మా కాగితాల్లో ఉంది. లాభ పంచమికల్లా వచ్చెయ్యండి,” అన్నాను.

మా ఆయన ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయనకి వినపడాలని గొంతు కాస్త పెంచే చెప్పాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రెండు మగ్గాలు వదులుకుని రావాలా వద్దా అని అవతల ఒక కుటుంబం అడుగుతుంటే, నేను మొగుడి మీద వాదన గెలుస్తున్నాను.

వాళ్ళు వచ్చారు. మరిది షెడ్డులో మగ్గాలు వదిలేసి, కూతుర్నీ మూటల్నీ తీసుకుని లాభ పంచమికి రెండు రోజుల ముందే ఉన్‌లో గది తాళం తీశారు. ఆ విడత షెడ్లకి నడిచి వెళ్ళమని మాకూ ఆదేశం వచ్చింది. ఇళ్ళ ఫారాలు మాత్రం దీపావళికి ముందే ఫోన్ల మీద అయిపోయాయి. ఎలాగూ వాళ్ళ షెడ్డు నా జాబితాలోదే కదా, ఆ పొద్దున కలిసే వెళ్దామన్నాను. నాకూ సరదాగానే ఉంది. నెలల తరవాత సంచీ భుజాన పడింది.

ఆ పేటలో కొన్ని షెడ్లు తెరిచారు. గుమ్మాలకి బంతిపూల దండలు, కొబ్బరినీళ్ళతో తడిసిన మెట్లు. మాస్కులు గడ్డాల కిందకి లాక్కుని సేఠ్‌లు దూద్‌పేడాలు పంచుతున్నారు. చెల్లి కూడా ఒక కొబ్బరికాయ కొని కొంగులో కట్టుకొచ్చింది. సేఠ్ కొట్టేది ఎలాగూ సేఠ్ కొడతాడు, తన మొగుడి మగ్గం దగ్గర తానొకటి కొట్టుకోవాలని ఆమె ఆశ.

వాళ్ళ షెడ్డుకి తాళం ఉంది.

“సేఠ్ లేటుగ లేస్తడు మేడం. ముహూర్తం పన్నెండింటికి పెట్టుకుని ఉంటడు,” అన్నాడు చెల్లి భర్త. మెట్ల మీద కూర్చున్నాం. పన్నెండు దాటింది. తాళం మీద తుప్పు పట్టి ఉంది. గొళ్ళెం సందులో సాలెపురుగు గూడు కట్టుకుంది. అది నేను చూశాను, అతనూ చూశాడు, ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం. చివరికి అతను ఎక్కడినుంచో రెండు ఇటుకలు తెచ్చి కిటికీ కింద పేర్చుకుని, చువ్వల్లోంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. దిగి పక్కకి నిలబడ్డాడు.

“మేడం, మీరు జూడుండ్రి,” అన్నాడు.

ఎక్కి చూశాను. లోపల ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సిమెంటు నేల. మగ్గాల్ని బిగించిన బోల్టులు పీకేసిన గుంతలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కొక్క మగ్గం ఉన్న మేర నల్లటి నూనె మరక మిగిలింది. అతనే చెయ్యి పట్టుకుని దింపాడు.

పక్క షెడ్డు కాపలాదారుని అడిగితే అతను హిందీలో చాలా మామూలుగా చెప్పాడు. “ఇదా? శ్రావణంలోనే పోయింది. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి సుత్తులతో పగలగొట్టి, తూకం వేసి లారీల్లో పట్టుకుపోయారు. మూడు రోజులు ఒకటే చప్పుడు. ఈ వరసలో ఇంకా నాలుగు అలాగే పోయాయి. మీకు తెలియదా?”

శ్రావణంలో. శ్రావణం వెళ్ళాక నేను ఈ షెడ్డు ఫారం నింపాను. మగ్గాలన్నీ ఉన్నట్టు, అన్నీ నడుస్తున్నట్టు, నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. దాని నకలు ఆ నిమిషాన నా భుజాన వేలాడుతున్న సంచీలోనే ఉంది. ముక్కలై లారీ ఎక్కిపోయిన మగ్గాల్ని నేను నడిపించాను. నడిపించి, వీళ్ళని పిలిపించాను.

“అక్కా, నీ కాయితంల నడుస్తున్నదని అన్నవ్ కద?” అంది చెల్లి. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అర్థం కాక అడుగుతోంది.

సంచీని అటు భుజానికి మార్చుకుని, ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాను. పిరికిదాన్ని. కొంగులో కొబ్బరికాయతోనే ఆమె తిరిగి వెళ్ళింది.

ఆఫీసుకెళ్ళి నా ఫారాలన్నీ కింద పరిచాను. నిజంగా మనిషితో మాట్లాడి రాసినవి ఒక పక్క, లాభ పంచమి రాసినవి ఒక పక్క పెట్టాను. మాట్లాడి రాసినవి గుప్పెట్లో పట్టాయి. రెండోది ఒళ్ళో పట్టనంత దొంతర. ఇంత దొంతర నేనొక్కదాన్నే, వంటింట్లో కూర్చుని, పూటకి ఇన్నని రాశానా? పక్క బల్లల మీద ఉన్నవాళ్ళ సంగతీ అంతేనని తెలియడానికి అడగక్కర్లేకపోయింది. పరిగెత్తినట్టే సార్ గదిలోకి వెళ్ళాను.

“సార్, సచిన్‌లో షెడ్డు లేదు. మగ్గాలు తుక్కు కింద అమ్మేశారు. మనం నడుస్తున్నాయని రాశాం. మీ అంచనా అంతా తప్పు.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మేం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం, నన్ను మాత్రం గుజరాతీ అలవాటున ‘బెన్’, అంటే సోదరీ, అనేవారు. “తప్పు ఎక్కడుంది బెన్? నియమం ప్రకారమే రాశావు.”

“కానీ మగ్గాలు లేవు సార్!”

“నాకు తెలుసు.”

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. “తెలుసా?”

“శ్రావణం నుంచీ తెలుసు. మా బావమరిది షెడ్డు కూడా అప్పుడే పోయింది. ఆ ఇనుము తూకం వేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.”

తెలియక రాశానన్నది నాకున్న ఒకే ఒక్క ధైర్యం. ఆయన తెలిసి రాశారు. సొంత మనిషి మగ్గాలు పగలగొడుతుంటే కళ్ళారా చూసి వచ్చి, కుర్చీలో కూర్చుని, పుంజుకుంటోందని రాశారు. పైవాళ్ళెవరైనా అలా రాయమన్నారా అని అడిగాను. అవునంటారని, నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడని ఆశపడ్డాను.

“ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు,” అన్నారు. “చూడు బెన్, అంచనా అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం కాదు. పుంజుకుంటోందని మనం రాస్తే మనుషులకి ధైర్యం వస్తుంది. సేఠ్‌లు వెనక్కి వస్తారు. అప్పుడు నిజంగానే పుంజుకుంటుంది. సర్కారు చెయ్యి పెట్టకుండా వదిలేస్తే వ్యాపారం తనంతట తానే లేస్తుంది. ఇది నేను ఈ రోజు నమ్మిన మాట కాదు, ముప్పై ఏళ్ళ నమ్మకం. నువ్వూ నమ్మావు కదా?”

నమ్మాను. ఆయన కళ్ళల్లో ఎక్కడా దొంగతనం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కనీసం ఈసారి ఫారంలోనైనా ఆ షెడ్డు పోయిందని రాస్తానన్నాను. తప్పకుండా రాయమన్నారు. పోయిన షెడ్డుని జాబితాలోంచి కొట్టేసి, దాని బదులు నడుస్తున్న షెడ్డు ఒకటి తీసుకోమన్నారు. అదీ నియమమే. అంటే తాళం ఉన్నంతకాలం అది నడుస్తున్న షెడ్డు. తాళం వెనక ఏమీ లేదని తెలిసిన రోజున అసలు లేనే లేని షెడ్డు. మూతపడ్డ షెడ్డుగా దానికి ఒక్క రోజు కూడా చోటు లేదు. ఇన్నేళ్ళు ఆ ఫారాలు మోసిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తోచకపోవడం ఇంకో దెబ్బ.

ఇంటికొచ్చి మా ఆయనకి మొత్తం చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన లేచి నిలబడి, “చూశావా! నేను అప్పుడే చెప్పాను!” అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఒక కుటుంబం రోడ్డున పడిందని నేను ఏడుస్తుంటే ఆయనకి సంతోషం ఆగలేదు. వెంటనే కాగితం తీసి బులెటిన్‌కి రాయడం మొదలుపెట్టాడు. సచిన్, కడోదరా పేటల్లో ఒక్క మగ్గం కూడా తిరగడం లేదని రాశాడు.

“కడోదరాలో తిరుగుతున్నాయి. దీపావళి ముందు చుట్టాలింటికి వెళ్తూ నేను చూశాను. కొన్ని రెండు షిఫ్టులు కూడా నడుపుతున్నారు,” అన్నాను.

“ఒకటీ అరా తిరిగితే అది రాయక్కర్లేదు. వాదన పలచబడుతుంది.”

“మీరు వెళ్ళి చూశారా?”

ఆయన పెన్ను ఆగింది. నా మొహం కేసి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళం దగ్గరికి వెళ్ళి చూడకుండానే నేను నడుస్తోందని రాశాను, చూడకుండానే ఆయన చచ్చిందని రాయబోయాడు. ఇన్నాళ్ళూ అన్నం ముందు మేం కొట్టుకు చచ్చింది దేని గురించో నాకు అర్థం కాలేదు.

ఆ తరవాత బడ్జెట్ వచ్చింది. ఊరు వదిలి తిరిగొచ్చిన పనివాళ్ళకి అప్పటిదాకా ఇస్తున్న రేషన్ సంచులు ఆపేశారు. అవి పంచే కేంద్రంలో ఒక నోటీసు అంటించారు. వస్త్ర రంగం కోలుకున్నందువల్ల ఇకపై ఈ సాయం అవసరం లేదు అని అందులో రాసి ఉంది. ‘కోలుకున్నందువల్ల.’ వరసలో నిలబడ్డవాళ్ళలో సగం మంది ఆ నోటీసు చదవలేరు. చదవగలిగిన నేను, సంగతి విని వెళ్ళి, వాళ్ళ వెనక నిలబడి ఉన్నాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని మాస్కు కళ్ళ దాకా లాక్కున్నాను.

ఆ రోజే ఉన్ వెళ్ళాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. అతను ఇంట్లో లేడు. మగ్గం పని దొరక్క, కడోదరా వైపు గోదాముల్లో పార్సిళ్ళు మోయడానికి పోతున్నాడు. అదీ రోజూ దొరకదు. సిరిసిల్లలో వదిలేసిన సాంచల మీద మర్నాడే వేరేవాళ్ళు ఎక్కారట. కూతురు గోడకి ఆనుకుని, పగిలిన ఫోన్లో పాఠం వింటోంది. చెల్లి నన్ను చూసి పీట వేసింది. సర్వపిండి లేదు. ఉత్త టీ ఇచ్చింది, పాలు లేవని నొచ్చుకుంది.

మొత్తం చెప్పాను. తాళం సంగతి, ఫోన్ల సంగతి, వంటింటి బల్ల సంగతి. మీ షెడ్డు నడుస్తోందని రాసింది నేనే, ఆ కాగితం చూసి మిమ్మల్ని రమ్మన్నదీ నేనే అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె చేతిలో కత్తెర పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది.

“అంటె, నువ్వు ఆడికి పోలేదా అక్కా?”

“లేదు చెల్లీ.”

“ఒక్కపారి సుత పోలేదా?”

“లేదు.”

“చూడకుండనే చెప్పినవా?”

నేను తల దించుకున్నాను. ఆమె కత్తెర తీసుకుని చీర ఒళ్ళోకి లాక్కుంది. పైన చెక్క మీద దేవుడి పటం పక్కన ఆ కొబ్బరికాయ అలాగే ఉంది, ఎండిపోయి. నేను లేచి వస్తుంటే ‘మల్ల రా అక్కా’ అని ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు.

తరవాత రెండో వేవ్ వచ్చి ఊరంతా అల్లకల్లోలమైంది. వాళ్ళకి చేసిన ఫోన్లు కలవలేదు. వానలు పడ్డాక ఇళ్ళ లెక్కలకి మళ్ళీ నడిచి వెళ్ళమన్నారు. అందరికంటే ముందు ఉన్ వెళ్ళాను.

గదికి తాళం ఉంది.

ఈసారి నిలబడ్డాను. చుట్టుపక్కల ప్రతి తలుపూ కొట్టాను. ఊరికి పోయారన్నారు ఒకరు. మగ్గం పని వెతుక్కుంటూ మహారాష్ట్రలో భివండీ పోయారన్నారు ఇంకొకరు. అతనికి జబ్బు చేసిందని, ఎవరో వచ్చి తీసుకెళ్ళారని మూడోవాళ్ళు అన్నారు. ఎవరికీ సరిగ్గా తెలియదు. గదిలో సామాను ఉందో లేదో చూద్దామన్నా కిటికీ మూసి ఉంది. సాయంత్రం దాకా ఆ మెట్టు మీద కూర్చుని, ఫారంలో పోయినసారి అంకెలు వెయ్యకుండా, అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘తెలియదు’ అని రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన మొదటి నిజం అదేనేమో.

ఫారం వెనక్కి వచ్చింది. కంప్యూటర్‌లో ఆ మాటకి గడి లేదట. తాళం ఉంటే పోయినసారిది వెయ్యమని ఎర్ర సిరాతో గుర్తు చేశారు. మళ్ళీ ‘తెలియదు’ అనే రాసి పంపాను. రెండోసారి తిరిగి రాలేదు. హమ్మయ్య, ఒప్పుకున్నారనుకున్నాను.

నెల తరవాత అచ్చయిన పట్టికలో ఆ ఇంటి నంబరు వెతుక్కుని చూశాను. ఎవరో నింపేశారు. పోయినసారి అంకెలే, అంటే వంటింట్లో నేను రాసినవే. ముగ్గురు మనుషులు, నివాసం ఉన్, భర్త మగ్గం మీద పనిలో ఉన్నాడు. అతను పనిచేసే షెడ్డు ఏ జాబితాలోనూ లేదు. చెల్లి ఎక్కడుందో నాకు ఈ రోజుకీ తెలియదు.